మండువాకి అడ్డంగా

శృంగవరపుకోటలో నేనెరిగిన ఒక మండువా లోగిలి ఇప్పుడు మూడిళ్లు. వీధి అరుగులు, నడవ, నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం కనపడే మండువా, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. ఒక్క కుటుంబం కోసం కట్టిన వరస అది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు మండువాకి అడ్డంగా గోడలు లేచాయి. ముందు వాటాకి అరుగులు దక్కాయి. వెనక వాటాకి నుయ్యి దక్కింది గానీ వీధిలోకి రావాలంటే పక్క సందే దిక్కు. మధ్య వాటాలో పడకగదే వంటగదయింది. పొగ పోవడానికి మిగిలింది మండువాలో ఓ ముక్క.

ఇళ్ల చరిత్ర రాసేవాళ్లు స్తంభాలూ దూలాలూ చూస్తారు. నేను పొయ్యిలు లెక్కపెడతాను. గడప దాటనివ్వని ఆడవాళ్లకి ఎండా గాలీ అందిన చోటు మండువాయే. అలాగని ఉమ్మడి ఇంటిని తలచుకుని కన్నీళ్లు పెట్టను. ఆ వంటింట్లో చిన్నకోడలి మాటకి ఎంత విలువో మనకి తెలుసు. వేరు కుంపటి చాలామందికి ఊపిరి. అయితే ఇల్లు చీల్చిందన్న నింద కోడలికి, పంపకాల కాగితం మీద సంతకం మగవాళ్లది.

మరి ఆ ఇంటి ఆడపిల్లలు? 1956 హిందూ వారసత్వ చట్టం కూతుర్ని వారసురాలిని చేసింది. కానీ కుటుంబం కాపురముంటున్న ఇంటి దగ్గరికొచ్చేసరికి 23వ సెక్షన్ ఆమెని ఆపింది. మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆమె పంపకం అడగకూడదు. అక్కడ ఉండే హక్కయినా పెళ్లికానివాళ్లకి, భర్త వదిలేసినవాళ్లకి, విడిపోయినవాళ్లకి, వితంతువులకి మాత్రమే. 1986లో మన రాష్ట్రం కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చింది, అది అమల్లోకొచ్చిన 1985 సెప్టెంబర్ 5కి ముందే పెళ్లయినవాళ్లని వదిలేసి. 23వ సెక్షన్ పోవడానికి 2005 సెప్టెంబర్ 9 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ సెక్షన్ ఉన్న రోజుల్లో కూడా, అన్నదమ్ములు ఇల్లు పంచుకోవడానికి సిద్ధపడగానే అక్కచెల్లెళ్లకి అడిగే హక్కు వచ్చేది. అంటే మండువాలో గోడకి ముగ్గు పోసిన రోజే ఆమె నోరు తెరవగల మొదటి రోజు. సరిగ్గా ఆ రోజుకే ఆమెకి చీరా పసుపుకుంకుమా పెట్టి, హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకోవడం మన ఇళ్లలో తెలియని సంగతి కాదు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయిన పంపకాలని 2005 సవరణ కూడా కదపలేదు.

పాత ఇళ్ల నక్షాలు గీసేటప్పుడు గోడ మందం కొలుస్తాం. అది ఏ ఏడు లేచిందో, ఆనాడు ఏ ఆడపిల్ల ఎక్కడ సంతకం పెట్టిందో కూడా ఆ నక్షా పక్కనే రాసుకోవాలి.