అడవి ఆముదం ఎగిరిన రోజు
2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఓ స్పైస్‌జెట్ విమానం వచ్చింది. అది వాడిన మిశ్రమ ఇంధనంలో పాతిక శాతం అడవి ఆముదం గింజల నుంచి తీసిందే. టీవీలో చూసి మా పెదనాన్న అడిగాడు: "మన చేలో కాయకుండా పోయిందే, అదేనా?"

అదే. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ డీజిల్ కోసం బీడు భూముల్లో దీన్ని పెంచమంది. నీళ్లు పెద్దగా అక్కర్లేదన్నారు. బతకడానికి అక్కర్లేదు, నిజమే. కాపుకి మాత్రం కావాలి.

ఈ ఇంధనం కాల్చినా కార్బన్ వస్తుంది. మొక్క గాలిలోంచి పీల్చుకున్నదే మళ్లీ గాలిలో కలుస్తుంది కాబట్టి లాభం అంటున్నాం. అంటే లెక్క తేలేది ఆకాశంలో కాదు, చేలోనే.

2027 నుంచి అంతర్జాతీయ విమానాల్లో 1 శాతం కలపాలన్నది మన దేశ లక్ష్యం. ఈసారైనా చేనుగలవాణ్ణి ముందు అడగాలి.