కొల్లేటి హేచరీలు: చేపల జతకట్టు వెనుక హార్మోన్ల చరిత్ర

జంతువులు జతకట్టే వేళను, తీరును హార్మోన్లు మెదడు ద్వారా నిర్ణయిస్తాయి. తెలుగునాట ఈ శాస్త్రం రైతుల నిత్యవ్యవహారంగా మారిన చోటు ఏలూరు, కైకలూరు చుట్టూ ఉన్న కొల్లేటి ప్రాంతం.

ఈ శాస్త్రం చరిత్ర పాతది. 1849లో జర్మనీలో శాస్త్రవేత్త బెర్తోల్డ్ వృషణాలు తీసేసిన కోడిపుంజులకు తిరిగి వృషణం అమర్చితే అవి మళ్లీ కూశాయి, పోట్లాడాయి, పెట్టల వెంటపడ్డాయి. 1930లో అర్జెంటీనాలో శాస్త్రవేత్త హౌస్సే చేపలపై మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రభావాన్ని చూపాడు.

శీలావతి, బొచ్చ, ఎర్రమోసు చెరువులో ఎంత బాగా పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. వానాకాలపు వరద, నీటి ప్రవాహం తోడైతేనే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీని కదిలిస్తుంది. పిట్యూటరీ హార్మోన్ల వల్ల అండాశయం స్టిరాయిడ్లను తయారుచేస్తుంది, గుడ్లు పక్వానికి వస్తాయి. అందుకే ఒకప్పుడు చేపపిల్లల కోసం వరద వేళ నదుల్లో వల వేయాల్సి వచ్చేది.

ఆ అవసరాన్ని తప్పించిన ఘనత శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురిది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో ఆయన, మరో శాస్త్రవేత్త అలికున్హి కలిసి పిట్యూటరీ ఇంజెక్షన్‌తో శీలావతి కుటుంబానికి చెందిన కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా ఆ తేదీనే జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతున్నారు. ఈ పద్ధతి ఓపికతో కూడినది. వేరే చేప తల చీల్చి, మెదడు కింద ఉన్న చిన్న గ్రంథిని తీసి, ఆల్కహాల్‌లో నిల్వచేస్తారు. తర్వాత నూరి, తేర్చిన ద్రావణాన్ని ఎక్కిస్తారు. ఆడచేపకు ముందు కొద్ది మోతాదు, సుమారు ఆరు గంటల తర్వాత పెద్ద మోతాదు. మగచేపకు ఆ రెండో విడతలోనే ఒకటి.

పిట్యూటరీ ఎందుకు మొరాయిస్తుందన్న అసలు చిక్కుముడి 1970, 80 దశకాల్లో విడింది. కెనడాలో శాస్త్రవేత్త రిచర్డ్ పీటర్ గోల్డ్‌ఫిష్‌పై పనిచేసి, మెదడులోని డోపమైన్ పిట్యూటరీకి బ్రేకు వేస్తుందని తేల్చాడు. చైనాకు చెందిన లిన్ హావోరాన్‌తో కలిసి, ఆ బ్రేకును విప్పే మందును హైపోథాలమస్ హార్మోనును పోలిన పదార్థంతో జోడించాడు. నేడు హేచరీల్లో వాడే ఓవాప్రిమ్ మందు ఆ పద్ధతి సంతానమే: ఒకే ఇంజెక్షన్, గ్రంథుల వెతుకులాట లేదు. అదే కాలంలో శాస్త్రవేత్త నార్మన్ స్టేసీ మరో అద్భుతం చూపాడు. హార్మోను లాంటి ప్రోస్టాగ్లాండిన్ ఎక్కిస్తే, విడుదలకు సిద్ధమైన గుడ్లు లేని ఆడ గోల్డ్‌ఫిష్ కూడా గుడ్లు పెట్టే చేపలా ప్రవర్తించింది. ఆడచేప నీటిలోకి వదిలే స్టిరాయిడ్‌ను మగచేప వాసనతో పసిగడుతుందని, దాంతో దాని మెదడు, పిట్యూటరీ మేల్కొని వీర్యం పెరుగుతుందని ఆ తర్వాత తెలిసింది.

కొల్లేటి చుట్టుపక్కల హేచరీల్లో ఇప్పుడు బ్రూడర్ల (తల్లి, తండ్రి చేపల) ఎంపికే ప్రధాన నైపుణ్యం. మగచేప ఈత రెక్క వేలితో రుద్దితే గరుకుగా తగులుతుంది. పొట్ట నొక్కితే పాల లాంటి ద్రవం వస్తుంది. ఆడచేప పొట్ట మెత్తగా, మలద్వారం దగ్గర ఎర్రగా ఉంటుంది. ఇంజెక్షన్ చేశాక గుండ్రని తొట్టెలో వదిలి, పైనుంచి నీళ్లు చల్లి, నీటిని తిప్పుతారు. కొన్ని గంటల్లో మగవి ఆడదాన్ని తరుముతూ ఒంటికి ఒళ్లు రాసుకుంటాయి. గుడ్లు పొదిగేది మరో తొట్టెలో. బొచ్చను, శీలావతిని ఒకే తొట్టెలో కలిపి ఇంజెక్షన్ చేస్తే రెండింటి గుడ్లు, వీర్యం కలిసి సంకర పిల్లలు పుడతాయి. అందువల్ల జాగ్రత్త గల హేచరీలు జాతికొక తొట్టె కేటాయిస్తాయి.