పాత రేకుల షెడ్డు కూల్చే ముందు: రాతినార తనిఖీ ఎలా చేస్తారు?

రాతినార అంటే ఆస్‌బెస్టాస్. నూలు పోగుల్లా విడిపోయే ఖనిజం ఇది. నిప్పుకు కాలదు, తుప్పు పట్టదు, ధరా తక్కువే. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తెల్ల రాతినార గనులు నడిచాయి. మనం సిమెంటు రేకులు అని పిలిచే పాత రేకుల్లో సాధారణంగా 8 నుంచి 10 శాతం దాకా ఇదే ఉంటుంది.

రేణిగుంట, గాజులమండ్యం ప్రాంతాల పాత షెడ్లు, చిత్తూరు చుట్టుపక్కల రైస్ మిల్లులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలు... ఇలాంటివి ఏవి విప్పాలన్నా ముందుగా లోపలికి వెళ్లేది పాత ఇనుము వ్యాపారులు, వెల్డర్లు, రోజు కూలీలు. వాళ్ల ఊపిరితిత్తులు బాగుండాలంటే, సుత్తి ఎత్తక ముందే తనిఖీ జరగాలి.

ప్రమాదం ఎక్కడ?

పగలని రేకు కింద కూర్చుంటే వెంటనే జబ్బు రాదు. రేకును పగలగొట్టినా, కోసినా, డ్రిల్లింగ్ చేసినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. అవి ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అనే పొర క్యాన్సర్ రావచ్చు. జబ్బు బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్లు పట్టవచ్చు. బీడీ, సిగరెట్ అలవాటు కూడా ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతుంది.

తనిఖీలో ఏం చూస్తారు?

మొదట కాగితాలు: బిల్డింగ్ ఎప్పుడు కట్టారు, రిపేర్లు ఎప్పుడు జరిగాయి, సామాన్ల బిల్లులు ఉన్నాయా. తర్వాత పైకప్పు నుంచి నేల దాకా ఒక్కో గదీ తిరుగుతారు. రేకులు, వాననీటి గొట్టాలతో పని అయిపోదు. బాయిలర్, ఆవిరి పైపుల చుట్టూ ఉన్న పూత, బాయిలర్ తలుపు తాడు, పైపు అతుకుల గ్యాస్కెట్లు, పాత కరెంటు ప్యానెల్ బోర్డులు, క్రేన్ బ్రేకుల లైనింగ్, గోడ పలకలు అన్నీ చూడాలి. చేత్తో నలిపితే పొడి అయ్యే పైపు పూత రేకు కంటే చాలా ప్రమాదం.

చూపుతో తేల్చలేం. రాతినార లేని రేకులు కూడా ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే శిక్షణ ఉన్న మనిషి ఆ చోటు తడిపి చిన్న ముక్క తీసి, రెండు కవర్లలో మూసి, నంబరు వేసి ల్యాబ్‌కు పంపిస్తాడు. తీసిన చోట టేపు అంటిస్తాడు. ల్యాబ్‌లో ప్రత్యేక మైక్రోస్కోపుతో తేలుస్తారు. ఫలితం వచ్చేదాకా ఉందనే అనుకోవాలి.

చివరికి ఒక రిజిస్టర్ తయారవుతుంది: ఏ చోట, ఎంత, ఏ స్థితిలో ఉంది. వాడుకలో ఉన్న షెడ్డుకు పైపైన చూస్తే చాలు. కూల్చే షెడ్డుకైతే గోడల లోపల, ఫాల్స్ సీలింగ్ పైన కూడా విప్పి చూడాలి.

దొరికితే?

బాగున్న రేకును కదపకుండా ఉంచడమే మేలు. తీయక తప్పకపోతే తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగా దించి, పాలిథిన్‌లో చుట్టాలి. మామూలు చెత్తలో వేయకూడదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. గుడ్డ మాస్కు, చేతిరుమాలు ఈ పోగులను ఆపలేవు.

చట్టం సంగతి

మన దేశంలో తెల్ల రాతినార రేకుల వాడకంపై పూర్తి నిషేధం లేదు. బ్రిటన్‌లో ఇలాంటి బిల్డింగ్‌ల బాధ్యులు రాతినార ఎక్కడుందో తెలుసుకుని రికార్డు ఉంచాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆస్‌బెస్టోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆదేశించింది.

ఇంట్లో వాళ్లు గుర్తుంచుకోవాల్సింది

పని బట్టలను ఇంట్లో దులపకూడదు, తడిపి విడిగా ఉతకాలి. ఆ దుమ్ము భార్యాబిడ్డల ఊపిరిలోకీ చేరుతుంది. ఎప్పుడో 30 ఏళ్ల కింద రేకులు కోసిన నాన్నకు ఇప్పుడు ఆయాసం ఉంటే, డాక్టరుకు ఆ పాత పని సంగతి తప్పక చెప్పండి. అడిగితేనే చెబుదామని ఆగొద్దు.