నిమ్మలకుంట తోలుబొమ్మల గృహాలంకరణ వస్తువులు

నిమ్మలకుంట తోలుబొమ్మల గృహాలంకరణ వస్తువులు, తోలుబొమ్మలాట కళాకారులు మేకతోలుపై బొమ్మలు చెక్కి, రంగులు వేసి తయారు చేసే దీపపు తొడుగులు (ల్యాంప్ షేడ్‌లు), గోడ పలకలు, తెరలు, తోరణాలు మొదలైనవి. నిమ్మలకుంట ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం మండలానికి చెందిన గ్రామం. గుడిబండ, మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలన్నీ 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. ఆ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. ధర్మవరం పేరు చెప్పగానే పట్టుచీరలు గుర్తుకు రావడం సహజం. అదే మండలంలో పుట్టి, దేశంలోని పెద్ద నగరాల గృహోపకరణ సంతలకు చేరిన మరొక చేతిపని ఈ తోలుపని. ఆటను చూసేవారు తగ్గిపోయిన కాలంలో బొమ్మలు చేసే విద్య నిలిచి ఉండడానికి ఈ వస్తువుల అమ్మకమే ప్రధాన ఆధారమైంది.

నేపథ్యం

తెలుగువారి ప్రాచీన జానపద దృశ్యకళల్లో తోలుబొమ్మలాట ఒకటి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల ప్రస్తావన ఉంది. తెల్లని తెర వెనుక ఆముదపు దీపం వెలిగించి, దీపానికి, తెరకు మధ్య రంగుల తోలుబొమ్మలను ఆడిస్తారు. రామాయణ, భారత కథలు ఇందులో ముఖ్యమైనవి. పద్యగానానికి రంగనాథ రామాయణం ఆధారంగా ఉండేది. హార్మోనియం, మృదంగం, తాళాలు, గజ్జెలు తోడుగా ఆట తెల్లవార్లూ సాగేది. కథ మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు అనే హాస్యపాత్రలు ప్రవేశించి నిద్రమత్తును వదిలించేవి.

నిమ్మలకుంటలో ఈ వృత్తిలో ఉన్న కుటుంబాలవారు ఇళ్లలో మరాఠీకి దగ్గరైన ఆరె భాష మాట్లాడుతారు, ఆటను మాత్రం తెలుగులో ప్రదర్శిస్తారు. తమ పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుండి వచ్చినట్లు వారి సంప్రదాయం చెబుతుంది. కర్ణాటకలో తొగలు గొంబెయాట, కేరళలో తోల్‌పావకూత్తు, ఒడిషాలో రావణఛాయ అనే పేర్లతో ఇటువంటి ఛాయాబొమ్మలాటలు ఉన్నాయి. వాటితో పోల్చితే ఆంధ్ర తోలుబొమ్మలు ఆకారంలో పెద్దవి. చాలా బొమ్మలు నాలుగు నుండి ఆరు అడుగుల ఎత్తు ఉంటాయి. చేతులు, కాళ్లు విడిగా కదిలేటట్లు కీళ్లవద్ద దారంతో ముడివేస్తారు.

ఆట నుండి అలంకరణకు

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో సినిమా పల్లెలకు చేరి, రాత్రిపూట వినోదానికి తోలుబొమ్మలాటపై ఆధారపడిన ప్రేక్షకులను తనవైపు తిప్పుకుంది. 1987–88లో దూరదర్శన్ రామాయణం ధారావాహికను ప్రసారం చేయడంతో, ఊరి మధ్య తెరపై చూసిన కథ ఇంటిలోని పెట్టెలోకి వచ్చింది. ఆటకు పిలుపులు తగ్గడంతో మేళాల సంపాదన పడిపోయింది.

ఈ పరిస్థితిలో కళాకారులకు మిగిలిన ఆస్తి చేతిలోని పనితనం. తోలును పలుచగా, వెలుతురు చొరబడేటట్లు సిద్ధం చేయడం, దానిపై సన్నని రంధ్రాలతో నగలను, వస్త్రాలను చూపడం, దీపపు వెలుగులో నిండుగా కనిపించే రంగులు వేయడం వారికి తెలుసు. దీపపు తొడుగుకు కావలసిన గుణాలు కూడా ఇవే. తెర వెనుక ఉన్న దీపాన్ని బొమ్మ లోపలికి తెస్తే అది గదిలో ఉంచదగిన వస్తువవుతుంది. స్వాతంత్ర్యానంతరం హస్తకళలకు కొత్త గిరాకీ కల్పించే ప్రయత్నాలు దేశమంతటా జరిగాయి. కమలాదేవి ఛటోపాధ్యాయ నాయకత్వం వహించిన అఖిల భారత హస్తకళల మండలి 1952లో ఏర్పడింది. వృత్తిపనివారు పట్టణవాసుల ఇళ్లకు ఉపయోగపడే వస్తువులు చేసి బతకాలనే ఆలోచన ఆ కాలంలో బలపడింది. తోలుబొమ్మల దీపపు తొడుగులు ఆ ఆలోచనకు చక్కని ఉదాహరణ.

తయారీ విధానం

పూర్వం దేవతాపాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకతోలు వ్యాపారాన్ని నిషేధించింది. ఇప్పుడు మేకతోలు ప్రధానమైన ముడిసరుకు. పని కింది క్రమంలో సాగుతుంది.

* శుద్ధి: పచ్చితోలును నీటిలో నానబెట్టి, వెంట్రుకలను, లోపలి కొవ్వును గీకి తీసివేస్తారు. తరువాత నలువైపులా లాగి కట్టి ఎండలో ఆరబెడతారు. చెప్పులకు వాడే తోలువలె దీనిని పదును చేయరు. అందువలన ఆరిన తోలు బిగువుగా, పాలవంటి పారదర్శకతతో ఉంటుంది.
* రేఖాచిత్రం: తోలుపై బొమ్మ గీస్తారు. పాత బొమ్మపై కొత్త తోలును పరిస్తే అడుగునున్న గీతలు పైకి కనిపిస్తాయి కనుక, ఒక తరం గీసిన రూపాలు మరొక తరానికి మారకుండా అందుతాయి.
* చెక్కుడు: తోలును కొయ్యదిమ్మపై ఉంచి, వివిధ ఆకారాల మొనలు గల ఉలులతో కొట్టి రంధ్రాలు చేస్తారు. కిరీటం, హారం, వడ్డాణం, చీర అంచు మొదలైనవి ఈ రంధ్రాల వరుసలతోనే ఏర్పడతాయి. వెలుతురు వాటిగుండా వచ్చినప్పుడు రత్నాలవలె మెరుస్తాయి.
* రంగులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు ఎక్కువగా వాడతారు. పూర్వం మొక్కలనుండి, ఖనిజాలనుండి తీసిన రంగులు వాడేవారు. తరువాత బజారులో దొరికే రసాయనిక రంగులు వచ్చాయి.
* కూర్పు: ఇనుప తీగతో చేసిన చట్రానికి సరిపోయేటట్లు తోలు ముక్కలను కత్తిరించి, చట్రం చుట్టూ బిగించి కుడతారు. లోపల బల్బు అమర్చే వీలు కల్పిస్తారు.

పది తలలు, ఇరువది చేతులు గల రావణుని బొమ్మకు ఒక్క తోలు చాలదు. చిన్న దీపపు తొడుగుకు అంత తోలు అవసరం లేదు, రోజుల తరబడి శ్రమ కూడా అక్కరలేదు. అమ్మకానికి చిన్న వస్తువులు ఎక్కువగా తయారు కావడానికి ఇది ఒక కారణం.

వస్తువుల రకాలు

బల్లపై ఉంచే దీపాలు, నేలపై నిలబెట్టే పొడవైన దీపాలు, పైకప్పునుండి వేలాడే దీపాలు ముఖ్యమైనవి. వీటితోపాటు గోడకు తగిలించే చిత్రపలకలు, గదిని రెండుగా విభజించే మడత తెరలు, ద్వారాలకు కట్టే తోరణాలు తయారవుతాయి. పుస్తక చిహ్నాలు, చెవిపోగులు వంటి చిన్న సరుకులు కూడా అమ్ముతారు. చిత్రాల్లో దశావతారాలు, కృష్ణలీలలు, రామాయణ ఘట్టాలు, హనుమంతుడు కనిపిస్తారు. దేవతల బొమ్మలు వద్దనుకొనే కొనుగోలుదారుల కోసం నెమళ్లు, చిలుకలు, ఏనుగులు, చెట్లు, పూలతీగలు చెక్కుతారు.

ఈ బొమ్మల పెద్ద కన్నులు, పక్కకు తిరిగిన ముఖాలు, చీరల అంచుల నగిషీలు లేపాక్షి వీరభద్రస్వామి ఆలయ కుడ్యచిత్రాలను తలపిస్తాయి. ఆ చిత్రాలు 16వ శతాబ్దికి, విజయనగర కాలానికి చెందినవి. లేపాక్షి కూడా ఇదే జిల్లాలో హిందూపురం సమీపంలో ఉంది.

సంతలు, మార్కెట్లు

ఈ సరుకు మూడు మార్గాల్లో ఇళ్లకు చేరుతుంది. మొదటిది ప్రభుత్వ విక్రయశాలలు. ఆంధ్ర ప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ నడిపే దుకాణాలకు "లేపాక్షి" అని పేరు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత తెలంగాణ సంస్థ దుకాణాలు "గోల్కొండ" పేరుతో నడుస్తున్నాయి.

రెండవది కళాకారుడే స్వయంగా కూర్చుని అమ్మే సంతలు. హైదరాబాదులోని శిల్పారామం, 1994లో ఢిల్లీలో ప్రారంభమైన దిల్లీ హాట్, 1987 నుండి హర్యానాలోని ఫరీదాబాద్ వద్ద జరుగుతున్న సూరజ్‌కుండ్ మేళా ఇటువంటివి. దిల్లీ హాట్‌లో దుకాణాలను విడతల వారీగా కళాకారులకు కేటాయిస్తారు. ఇక్కడ కొనుగోలుదారుడు వస్తువు చేసిన మనిషితో మాట్లాడవచ్చు, పని జరిగే తీరును చూడవచ్చు. గృహాలకు కొత్త సామగ్రి వెదికే పట్టణవాసి, తెలియని కళను తెలుసుకొనే చోటు కూడా ఇదే.

మూడవది వర్తక ప్రదర్శనలు. హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో ఏటా రెండుసార్లు నిర్వహించే ప్రదర్శన వీటిలో పెద్దది. ఇక్కడ విడిగా ఒక వస్తువు కొనేవారికంటె, నమూనా చూసి వందల సంఖ్యలో కావాలని అడిగే దేశవిదేశాల టోకు వ్యాపారులు ముఖ్యం. వారు ఒకే కొలత, ఒకే రంగు, నిర్ణీత గడువు కోరుతారు. చేతితో చెక్కిన తోలులో ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. చిల్లర సంతలో వస్తువుకు విలువ తెచ్చే ఈ గుణమే టోకు వర్తకంలో లోపంగా కనిపిస్తుంది. అందువలన చిన్న కుటుంబాలకు మొదటి రెండు మార్గాలే ఎక్కువ అనుకూలం.

గుర్తింపు

"ఆంధ్ర ప్రదేశ్ తోలుబొమ్మల" కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు భారత ప్రభుత్వం 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఇంటి సామగ్రికి సంబంధించి భౌగోళిక గుర్తింపు పొందిన ఇతర తెలుగు చేతిపనుల్లో నిర్మల్ ఫర్నిచర్, వరంగల్ తివాచీలు, శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ ఉన్నాయి.

అసలు వస్తువును గుర్తించడం, జాగ్రత్తలు

కాగితంపైన, ప్లాస్టిక్‌పైన తోలుబొమ్మల చిత్రాలను అచ్చువేసి దీపపు తొడుగులుగా అమ్మవచ్చు. అసలు వస్తువును కొన్ని లక్షణాలతో గుర్తించవచ్చు. వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడు తోలులో సహజమైన మచ్చలు, సన్నని నరాల జాడలు కనిపిస్తాయి. రంధ్రాలు నిజంగా తెగి ఉంటాయి, వాటి అంచులు వేలికి తగులుతాయి. రంగు అంతటా ఒకే చిక్కదనంతో ఉండదు. అచ్చువేసిన నకిలీలో రంధ్రాలు కేవలం చుక్కలు.

తోలుకు తేమ, అధిక వేడి రెండూ శత్రువులే. తడి తగిలితే వంకరపోతుంది, బూజు పడుతుంది. వేడెక్కే పాత తీగ బల్బులు తోలును పెళుసుగా మారుస్తాయి కనుక తక్కువ వేడినిచ్చే ఎల్.ఇ.డి. బల్బులు మేలు. దుమ్మును పొడిబట్టతోనే తుడవాలి. నేరుగా ఎండ తగిలేచోట ఉంచితే రంగులు వెలిసిపోతాయి.

ప్రస్తుత సమస్యలు

గృహాలంకరణ వస్తువుల అమ్మకం చెక్కుడు పనిని, రంగుల పనిని కాపాడింది. ఈ పనిలో స్త్రీలు కూడా పాల్గొంటారు. అయితే తోలుబొమ్మలాటలో చెక్కుడు ఒక భాగం మాత్రమే. వందల పద్యాలు, వాటి రాగాలు, హాస్యపాత్రల సంభాషణలు, ఒక్కడే ఇద్దరు ముగ్గురి గొంతులతో పలికే నేర్పు మిగిలిన భాగం. ఇవి దీపపు తొడుగులో చేరవు. చెక్కడం మాత్రమే నేర్చుకున్న యువకునికి రాముని బొమ్మ గీయడం వస్తుంది, ఆ రాముని చేత మాట్లాడించడం రాదు. కీళ్లు లేని గోడ పలకలు చేసిచేసి, కదిలే బొమ్మను కూర్చే పద్ధతి మరచిపోయే ప్రమాదం కూడా ఉంది.

ముడితోలు ధర, దూరప్రాంతాల సంతలకు ప్రయాణ ఖర్చు, అమ్ముడుపోని సరుకును తిరిగి తెచ్చుకోవలసి రావడం ఇతర సమస్యలు. సంతల్లో అమ్మకంతోపాటు చిన్న ప్రదర్శనకు చోటివ్వడం, పాఠశాలల్లో ఆటలు వేయించడం, పెద్దవారి పద్యాలను ధ్వనిముద్రణ చేయడం వలన ఆట, అలంకరణ రెండూ కలిసి నిలిచే అవకాశం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* తోలుబొమ్మలాట
* ధర్మవరం
* లేపాక్షి
* నిర్మల్ బొమ్మలు
* కలంకారీ