బెర్తా బెంజ్ పుట్టింటి ప్రయాణం, మన యాక్సెసరీల చిట్టా

మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్ళం కొత్త కారు కొనాలంటే ఎక్కువగా నెల్లూరుకే పోతాం. మోడలు, రంగు, లోను సంగతులు మగవాళ్ళే తేల్చేసుకుంటారు. ఆఖర్న ఇచ్చే యాక్సెసరీల చిట్టా మాత్రం "నువ్వు చూడు" అంటూ మన చేతికి వస్తుంది. సీటు కవర్లు, మ్యాట్లు, క్రోము పట్టీలు, మెడకింద దిండ్లు, రంగుల లైట్లు అందులో ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే. "ప్యాకేజీ తీసేసుకోండి మేడమ్" అన్నారు షోరూములో. రెండు రోజులు గడువడిగి ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్కో వస్తువు ఎందుకు పుట్టిందో చదువుకుంటూ పోతే, అసలు మొదటి దూర ప్రయాణం చేసిందే ఒక ఇల్లాలని తెలిసింది.

1888 ఆగస్టులో, జర్మనీలోని మన్‌హైమ్ ఊరి నుంచి బెర్తా బెంజ్ అనే ఆవిడ తన పుట్టింటికి బయలుదేరింది. భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో, ఆయనకు చెప్పకుండా, ఇద్దరు మగపిల్లల్ని వెంటబెట్టుకుని! అమ్మ ఉండే ఫోర్జ్‌హైమ్ వంద కిలోమీటర్ల పైమాటే. మన లెక్కలో నెల్లూరు నుంచి ఉదయగిరి అంత దూరం. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ దానికి చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొన్నది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు వేయించింది. ఈవిడ దగ్గర క్రోము పట్టీలు లేవు, చేతికందిన పిన్నూ, సమయానికి ఆలోచనా ఉన్నాయి. మావారికి ఇది చదివి వినిపిస్తే "చెప్పకుండా పోయిందా?" అన్న ముక్కే పట్టుకున్నారు.

ఇంగ్లండులో డోరతీ లెవిట్ అని ఇంకో ఆవిడ, కార్ల పందేల్లో పాల్గొన్న మనిషి, 1909లో ఆడవాళ్ళ కోసం కారు నడపడం గురించి పుస్తకం రాసింది. అందులో చిన్న చేతి అద్దం దగ్గర పెట్టుకోమంది, ముఖం చూసుకోవడానికే కాదు, అప్పుడప్పుడు పైకెత్తి వెనక ఏ బండి వస్తోందో చూసుకోవడానికి కూడా. వెనక చూసే అద్దం కార్లకు మామూలు సామాను కాకముందు మాట ఇది. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కూడా చాలా ఏళ్ళు, చౌక మోడళ్ళకు ఎడమవైపు అద్దం కంపెనీ ఇచ్చేది కాదు. మనమే డబ్బు పెట్టి వేయించుకోవాలి. రివర్స్ సెన్సర్లు కూడా ఒకప్పుడు అదనమే, 2019 జులై నుంచి కొత్త కార్లకు తప్పనిసరి అయ్యాయి. కాబట్టి చిట్టాలో సెన్సరు అని రాసి విడిగా డబ్బడిగితే ఒకసారి గట్టిగా అడగండి. కెమెరా వేరే సంగతి. మన ఊళ్ళ సందుల్లో కారు వెనక్కి తీసేటప్పుడు పసిపిల్లలు, మేకపిల్లలు ఎటునుంచి వస్తారో తెలియదు. నేను మొదట టిక్కు పెట్టింది దానికే.

అద్దం తుడిచే వైపరు కూడా ఆడమనిషి ఆలోచనే. అమెరికాలో మేరీ ఆండర్సన్ 1903లో దానికి పేటెంటు తీసుకుంది. ఒక కంపెనీకి రాస్తే, దీనితో వ్యాపారం జరగదన్నారట.

ఇక స్టెప్నీ. మనం తెలుగు మాటలాగా వాడేసే ఈ పేరు ఒక వీధిది. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. 1904లో అక్కడ డేవిస్ అన్నదమ్ములు అదనపు చక్రం అమ్మడం మొదలుపెట్టారు. అంతకుముందు కార్లతో అసలు అదనపు చక్రమే వచ్చేది కాదు. నూరేళ్ళు దాటాక కథ మళ్ళీ వెనక్కి తిరిగింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. పట్నం రోడ్లకు సరే. రాత్రిపూట మెట్ట ఊళ్ళలో కంపముళ్ళ దారిలో పోయేవాళ్ళం మనం. డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో కళ్ళతో చూడండి. చిన్న గాలి పంపు ఒకటి కొనుక్కుంటే ఇంకా మంచిది.

కొన్ని వస్తువులు చట్టం చేతిలో దెబ్బతిన్నాయి. మన ఎండలకు అందరికీ నల్ల ఫిల్ము మీదే మనసు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించకూడదంది. రోహిణి కార్తెలో బండి ఆపినప్పుడు ముందు అద్దానికి అడ్డంపెట్టే మడత షేడు తీసుకున్నాను. ముందు బిగించే ఇనుప బుల్‌బార్లు వద్దని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. సీటుబెల్టు మోత వినపడకుండా పెట్టే క్లిప్పులను ఆన్‌లైన్ అంగళ్ళు అమ్మకూడదని 2023 మేలో వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. బెల్టు వేసుకోమని మోగేదాన్ని ఆపడానికి డబ్బు పెట్టడం నాకెప్పటికీ అర్థం కాదు.

మ్యాట్లు అన్నిటికన్నా అమాయకంగా కనిపిస్తాయి. 2009 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియాగో దగ్గర, వేరే మోడలుకు చెందిన మ్యాటు వేసిన కారులో యాక్సిలరేటరు దానికి చిక్కుకుని, ఒకే కుటుంబానికి చెందిన నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టయోటా కంపెనీ మ్యాట్ల విషయమై దాదాపు 38 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. అందుకే "ఏ మ్యాటయినా ఒకటే" అంటే ఒప్పుకోకండి. మన మోడలుకు కొలిచి చేసిందే కావాలి, కింద కొక్కేనికి తగిలించాలి, పాత మ్యాటు మీద కొత్తది వేయకూడదు. సీటు కవర్లూ అంతే. సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగు తెరుచుకునే కారయితే దానికి సరిపోయే కవరే వేయాలి, లేకపోతే అసలు వద్దు. ఎదుటి ఎయిర్‌బ్యాగు మూత మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ కూడా అంటించవద్దు. స్వామిని కాస్త పక్కకు జరిపితే ఆయనేమీ అనుకోడు.

మా ఇంట్లో అసలు గొడవ పిల్లల సీటు దగ్గర వచ్చింది. "నా ఒడి లేదా బిడ్డకి? నీ మొగుణ్ణి బస్సులో ఒళ్ళో పెట్టుకునే తిప్పానమ్మా" అన్నారు మా అత్తయ్య. ఆవిడ మాట అబద్ధం కాదు. అయితే కారు ఠక్కున ఆగితే ఆ పసిదాని బరువు ఎన్నో రెట్లయి ముందుకు తోస్తుంది, ఎంత ప్రేమున్నా చేతులు పట్టుకోలేవు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కూడా పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టయినా, పిల్లల సీటయినా ఉండాలంటుంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాటకు కాదు, సీటు తెచ్చి హాల్లో పెట్టి మనవరాల్ని కూచోబెట్టి చూపించాక అత్తయ్య మెత్తబడ్డారు. "పక్కన నేను కూచుంటా, చెయ్యి పట్టుకుంటా" అన్నారు. సరేనన్నాను.

క్రోము పట్టీలు, లైట్లు, మెడ దిండ్లు కొట్టేస్తే మిగిలిన డబ్బుకు ఇంకొంచెం వేస్తే ఆ సీటు వచ్చింది. చిట్టాలో అది అసలు లేదు, విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.