మోటారుబండ్ల పరకాయ ప్రవేశము

విక్రమార్కుని కథలు విని పెరిగినవారికి పరకాయ ప్రవేశమను మాట క్రొత్తది గాదు. రాజు తన దేహమును విడిచి చిలుక దేహమున దూరును. అదను చూచి మరియొకడు రాజు దేహమున దూరును. అటుపిమ్మట అంతఃపురమున తిరుగుచున్నవాడు నిజముగా రాజేనా యను సందేహము పుట్టును. మన చెన్నపురి మోటారు షెడ్లలో ఈ విద్య మంత్రముతో గాక పానాలతో జరుగుచున్నది. పాత కారు ఇంజనును దింపి, దాని చోట అంతకంటె పెద్ద ఇంజనును ఎక్కించుట యిక్కడి మేస్త్రీలకు చిరకాలముగా తెలిసిన పని.

నీటితో గాక గాలితో చల్లబడు ఇంజనుగల పాత కార్ల విషయమున ఈ మోజు మరింత హెచ్చు. వాని ఇంజను దింపుట సులభము; పెద్దదానిని ఎక్కించుటయు సులభమే. ఆ సౌలభ్యము వలన ఏమి దక్కును, ఏమి పోవును అనుటయే ఇచ్చటి ప్రశ్న. దానికి జవాబు కొంత ఈ నగరపు మోటారు చరిత్రలోనే యున్నది గనుక, ముందు ఆ పుటలను కొన్నిటిని తిరుగవేయుదము.

చెన్నపురిలో మోటారు కారు కొన్న మొదటి భారతీయుడు మన తెలుగువాడే యని చెప్పుదురు. ఆయన తాటికొండ నంబెరుమాళ్ శెట్టిగారు (1856-1925). హైకోర్టు భవనమును కట్టిన గుత్తదారు ఆయనయే. గణితవేత్త రామానుజన్ 1920లో కన్నుమూసినది చేట్‌పట్‌లో ఈయనకు చెందిన యింటనే. శెట్టిగారి కారు ఫ్రాన్సు దేశపు డి డియాన్ బూటన్ కంపెనీదట. ఆ కంపెనీకి పేరు తెచ్చినది 1890ల నడుమ వెలువడిన ఒంటి సిలిండరు చిన్న ఇంజను. సిలిండరు చుట్టును రెక్కలవంటి పలుచని లోహపు అంచులుండును. వాని నడుమ గాలి పోవుచు వేడిని తీసికొనిపోవును. ఆ ఇంజనును కంపెనీవారు తమ మూడుచక్రాల బండికి మాత్రమే యుంచుకొనక, అడిగినవారికెల్ల విడిగా అమ్మిరి. యూరపులో పలువురు బండ్ల తయారీదారులు ఆ పరాయి ఇంజనును తెచ్చి పెట్టుకొనియే వ్యాపారము మొదలిడిరి. కావున ఒక బండికి ఒకే ఇంజను అను ఏకపత్నీ వ్రతము మోటారు పుట్టిననాడే లేదు.

1903లో మౌంటురోడ్డు సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అను ఆంగ్లేయుడు ఒక ఆవిరి కారును నిర్మించెను. ఆ తరువాత ఆ కంపెనీవారే చేసిన ఆవిరి బస్సు మన బెజవాడకును బందరుకును నడుమ తిరిగెను. చెన్నపురి వారి పనితనము తొలినాళ్లలోనే కృష్ణాజిల్లా దుమ్ము చూచినదని మనము గర్వింపవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కరవై, బస్సుల వెనుక బొగ్గు కుంపటులు తగిలించిరి. మన పెద్దలు బొగ్గు బస్సు అని పిలిచినది దానినే. ఇంజను పాతదే, త్రాగునది మాత్రము మారినది. బలము తగ్గి, మిట్ట వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి తోయవలసివచ్చెనని వారు చెప్పగా వినని తెలుగు యిల్లు లేదేమో. బండికి తగిన బలము లేనిచో ఎట్లుండునో అప్పుడు దేశమంతయు నేర్చుకొన్నది.

అసలైన పరకాయ ప్రవేశము 1950లలో జరిగినది. ఎస్. అనంతరామకృష్ణన్‌గారి నాయకత్వమున సింప్సన్ కంపెనీవారు సెంబియములో పెర్కిన్స్ డీజిలు ఇంజనులను తయారు చేయసాగిరి. అందు పి-6 అనునది ఆరు సిలిండర్లది, 4.73 లీటర్లది. ఇంగ్లండులోని పీటర్‌బరోలో ఫ్రాంక్ పెర్కిన్స్ 1932లో స్థాపించిన కంపెనీ దీనిని రూపొందించినది. పాత పెట్రోలు లారీలలో ఎక్కించుటకు వీలుగా నుండుట దాని ప్రత్యేకత. చవుక నూనెతో నడచుటవలన లారీ యజమానికి లాభము కనబడెను; అమెరికా లారీ దేహమున చెన్నపురి డీజిలు ఇంజను కాపురము పెట్టెను. ఇచ్చట గమనింపవలసినదేమనగా, ఆ మార్పు వేగము కొరకు జరిగినది కాదు, పొట్ట కొరకు జరిగినది. బరువు లాగుటకు కట్టిన లారీ గట్టిది గనుక ఆ భారమును మోసినది.

ఒక కంపెనీయే ఈ విద్యను ప్రయోగించి చేయి కాల్చుకొన్న కథ కూడ మన నగరమునందే కలదు. 1948లో ఏర్పడిన స్టాండర్డ్ మోటారు ప్రొడక్ట్స్ కంపెనీకి వండలూరు చెంత కర్మాగార ముండెను. స్టాండర్డ్ హెరాల్డు కారును ఎరుగని మా తరమువారు లేరు. ఆ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 అను పెద్ద కారును విడుదల చేసెను. దేహము ఇంగ్లండు రోవరుది. 1976లో ఆ దేశమున వెలువడినప్పుడు ఆ కారులో మూడున్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజనుండెను. 1977కు యూరపు ఖండపు మేటి కారుగా బహుమానమును పొందెను. మన వండలూరులో దాని ముక్కు క్రింద ఉంచినదో? 1940లనాటి వాన్‌గార్డు కారు సంతతికి చెందిన 1991 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజను! ఆ వాన్‌గార్డు ఇంజను దాయాదులే ఫెర్గూసన్ ట్రాక్టరులో నాగలి లాగినవి. చూపునకు రాజు, నడకకు ముసలి బంటు. ధర హెచ్చు, పెట్రోలు ఖర్చు హెచ్చు, పరుగు తక్కువ. 1988 నాటికి ఆ కారు తయారీ నిలిచిపోయెను. ఆ ఇంజను చెడ్డదని నేననను. తన కాలమున తన బండిలో అది మేలైనదే. జత కుదరలేదు, అంతే. హెరాల్డు కారునకు 948 సి.సి. ఇంజను తీసి 1147 సి.సి. ఇంజను పెట్టినప్పుడు ఎవ్వరును నొచ్చుకొనలేదు గదా!

ఇక గాలి ఇంజనుల కార్లకు వత్తము. అమెరికాలో ఫ్రాంక్లిన్, చెకోస్లొవేకియాలో టాట్రా, ఇటలీలో 1957 నాటి ఫియట్ 500, వీనియన్నిటిని మించి జర్మనీ వోక్స్‌వాగన్ ఈ జాతివి. తాబేలు వీపువంటి వోక్స్‌వాగన్‌ను లోకము బీటిల్ అని పిలిచెను. 2003 జూలైలో మెక్సికోలో చివరి బండి వెలువడు నాటికి తయారైనవి 2,15,29,464. విదేశములనుండి తెచ్చుకొన్న కొలది బండ్లు మన దేశమునను కలవు. దాని ఇంజను వెనుకనుండును. సిలిండర్లు నాలుగు, కుడియెడమల రెండేసి పడుకొని యుండును. పైన నొక ఫ్యాను గాలిని విసరును. రేడియేటరు లేదు, నీరు లేదు, కారుట లేదు.

మొదట 985 సి.సి.గా పుట్టి, యుద్ధానంతరము 1131 సి.సి.తో 25 అశ్వశక్తి నిచ్చుచు, 1954లో 1192 సి.సి.కి పెరిగెను. 1960లో 34 అశ్వశక్తికి, 1965లో 1285 సి.సి.తో 40కి, 1966లో 1493 సి.సి.తో 44కు, 1970లో 1584 సి.సి.తో 50కి చేరెను. ఇన్ని మార్పులలోను ఇంజనును గేరుబాక్సునకు కలుపునవి ఆ నాలుగు బోల్టులే. కావున 1960 నాటి కారులో 1970 నాటి ఇంజను పెట్టుటకు ప్రకృతియే దారి చూపినట్లున్నది. ఫియట్ 500 కారులో దాని తమ్ముడైన ఫియట్ 126 ఇంజనును పెట్టువారును ఇటలీలో అనేకులు. అమెరికాలో మరికొందరు సాహసించి, షెవ్రొలే వారి కోర్వెయిర్ కారు ఆరు సిలిండర్ల గాలి ఇంజనును వోక్స్‌వాగన్‌లో దించిరి. ఆ ఇంజను వోక్స్‌వాగన్‌కు విరుద్ధ దిశలో తిరుగును! గేరుబాక్సులోని పెద్ద పళ్ళచక్రమును అటుదిటు త్రిప్పి బిగింపనిచో నాలుగు గేర్లును వెనుకకే నడచును.

ఎగ్మూరు చెంత కూవము ప్రక్కనున్న పుదుప్పేటకు ఒకనాడు పోయితిని. విప్పిన బండ్ల ఎముకలు గోడవెంట పేర్చిన వీధి అది. అచ్చట తెలుగు మాటలాడు మేస్త్రీ యొకడు నా సందేహము విని నవ్వి, "నాలుగే బోల్టులు సార్. పొద్దున దింపితే సాయంత్రం కాఫీకి ఎక్కించేస్తాను" అనెను. బ్రేకుల సంగతేమని అడిగితిని. "అది వేరే లెక్క సార్" అనెను.

ఆ వేరే లెక్కయే అసలు లెక్క. పాత వోక్స్‌వాగన్ కరెంటు ఆరు వోల్టులది. 1960ల నడిమినుండి వచ్చినవి పండ్రెండు వోల్టులవి. పాతదాని ఫ్లైవీలునకు 109 పళ్ళు, క్రొత్తదానికి 130. పెద్ద ఫ్లైవీలు పాత గేరుబాక్సు గూటిలో తిరుగుటకు ఆ గూటిని లోపల అరగదీయవలెను. స్టార్టరును, దాని బుష్షును మార్చవలెను. ఇది యంతయు చేతిపని, చేయగలరు. కాని 34 గుఱ్ఱములను ఆపుటకు చేసిన డ్రమ్ము బ్రేకులు 50 గుఱ్ఱములను ఆపవలసి వచ్చును. 1493 సి.సి. కారు వచ్చినప్పుడు తయారీదారులే యూరపు బండ్లకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు పెట్టిరి. వారు ఊరక పెట్టలేదు. పాత కార్ల వెనుక ఇరుసు రెండు ముక్కలై, మలుపులో వడిగా పోయినప్పుడు చక్రము లోనికి ముడుచుకొనును. మహాబలిపురము బాటమీద గాలి తగులుచున్నదని ఉత్సాహపడు పడుచువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

వేడి సంగతి మరి యొకటి. పాత నమూనాలో ఆయిలు కూలరు ఫ్యాను గూటిలోపల మూడవ సిలిండరునకు అడ్డముగా నుండును. ఆ సిలిండరు మిగిలినవానికంటె హెచ్చు కాగి, వాల్వు మొదట అచ్చటనే చెడును. 1970 తరువాత కూలరును ప్రక్కకు జరిపి ఈ దోషమును దిద్దిరి. పాత గూటినే క్రొత్త పెద్ద ఇంజనుపై బిగించినచో పాత దోషము పెద్ద వేడితో తిరిగివచ్చును. ఇంజను చుట్టు నుండు రేకులు, రబ్బరు పట్టీలు అలంకారము కొరకని తలచి పారవేయు మేస్త్రీలున్నారు. ఆ పట్టీలు లేనిచో క్రిందినుండి వచ్చు కాగిన గాలినే ఫ్యాను మరల పీల్చును. రోళ్ళు పగులు రోహిణీకార్తెలో మన అన్నాసాలై సిగ్నలు దగ్గర నిలిచిన గాలి ఇంజనునకు గాలియే శరణ్యము.

పందెపు బండ్ల మాట వేరు. చెన్నైకి ఉత్తరమున షోలవరములో యుద్ధకాలపు విమానాల బాటమీద 1950లనుండి పందెములు జరిగినవి. ఒక దేహము, వేరొక ఇంజను, మూడవదాని గేరుబాక్సు గల వింత బండ్లు అచ్చట పరుగెత్తినవి. 1990 ప్రాంతమున ఇరుంగాట్టుకోట్టలో పందెపు బాట వచ్చినది. ఆ కంచెలోపల ఎవరి బండి వారి యిష్టము.

కంచె వెలుపల చట్ట మున్నది. 1939 నాటి మోటారు చట్టము ప్రకారము మార్పు చేయదలచినవాడు అధికారికి తెలిపి అనుమతి పొందవలసి యుండెను. 1988 చట్టమును 2000లో సవరించి, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని కఠినము చేసిరి; గ్యాసు, విద్యుత్తువంటి వేరు ఇంధనమునకు మారుటకు మాత్రము నియమములతో సెలవిచ్చిరి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధమును స్థిరపరచెను. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషనును, నంబరులో వి.ఎ. అను అక్షరములను ఏర్పరచెను. ఆ గౌరవము పొందుటకు బండి మొదటి రూపముననే యుండవలెను. చట్రమునగాని, దేహమునగాని, ఇంజనునగాని మార్పు జరిగి యుండరాదు.

ముప్పదియేండ్లు రిజిస్టరులు వ్రాసిన గుమాస్తాను నేను. నా కంటికి ఈ కడపటి నియమమే సబబుగా తోచును. ఆర్.సి. పుస్తకమున చట్రపు నంబరొకటి, ఇంజను నంబరొకటి యుండును. రెండును కలిసి యున్నంతవరకు ఆ కారు ఏ యేట ఎట్లు నడచినదో చెప్పగల సాక్షి. తాతగారు కొన్న 1960 నాటి కారు గంటకు 110 కిలోమీటర్లు దాటలేదని మనుమడు విసుగుకొనవచ్చును. తాతగారు ఆ వేగముననే తిరుపతి పోయి వచ్చిరి.

ఇదివరకే మార్చినవారు పాత ఇంజనును పుదుప్పేట తూకపువానికి అమ్మివేయకున్నచో ఇంకను మించిపోయినది లేదు. నాలుగు బోల్టులు వచ్చిన దారినే పోవును. అంతవరకు దానిని సముద్రపు గాలి తగులని చోట చెక్కపీటపై నుంచవలెను. పాత ఆయిలు తీసి క్రొత్తది పోసి, ప్లగ్గు రంధ్రములలో చెంచాడు చొప్పున ఆయిలు వేసి, నెలకొకసారి చేతితో త్రిప్పవలెను. ఎలుకలు దూరకుండ పొగ గొట్టములకు గుడ్డ కుక్కవలెను. ఇంజను నంబరు డైనమో పీట క్రింద కేసుమీద కొట్టబడి యుండును. రంగు వేయువాడు దానిమీద పూత పూయకుండ ముందుగా చెప్పవలెను.