అమ్మానాన్నల వీసా ఫీజుకీ, టూరిజం లాబీకీ ఏమిటి సంబంధం?

అమ్మానాన్నల్నో అత్తమామల్నో ఒక వేసవికి ఇక్కడికి పిలిపించుకోవడం మన ఎడిసన్ తెలుగు ఇళ్లలో మామూలే. టికెట్ల ధరల గురించి అందరం మాట్లాడుకుంటాం. వీసా ఫీజు పెంచాలా వద్దా అన్న చర్చలో ఎవరెవరు ఉంటారో మాత్రం పెద్దగా పట్టించుకోం. అందులో గట్టిగా మాట్లాడేది పర్యాటక పరిశ్రమ. వాళ్లు ఎలా కలిశారో, అందులో మనకి పనికొచ్చేది ఏమిటో చూద్దాం.

ముందు లెక్క

సందర్శకుల వీసా దరఖాస్తు ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. 2025 జూలై 4న సంతకమైన బడ్జెట్ చట్టం దీనికి తోడు 'వీసా ఇంటెగ్రిటీ ఫీజు' పేరుతో కనీసం 250 డాలర్లు పెట్టింది. సైన్స్ చదివిన అలవాటుకొద్దీ లెక్క వేశాను. ఇద్దరు పెద్దవాళ్లకి 370 డాలర్లయ్యేది, ఈ ఫీజు కూడా కలిస్తే 870 అవుతుంది. నిబంధనలు పాటించి గడువులోగా తిరిగి వెళ్లినవాళ్లకి ఆ 250 వాపసు 'ఇవ్వవచ్చు' అని చట్టంలో ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. వీసా అక్కర్లేని దేశాలవాళ్లకి ఈ ఫీజు లేదు. ఇండియా ఆ జాబితాలో లేదు. అప్లై చేసే రోజున స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఫీజు ఎంతుందో తప్పక చూసుకోండి.

పరిశ్రమ ఎలా కలిసింది?

విమాన కంపెనీలు, హోటళ్లు, ట్రావెల్ ఏజెంట్లు, టూర్ బస్సులవాళ్లు అందరిదీ ఒకే కస్టమర్. అయినా ఎవరి గొడవ వాళ్లదే. ట్రావెల్ ఏజెంట్లు 1931లోనే సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడు దాన్ని ఆస్టా అంటారు.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ ఆహోవా. ఒకప్పుడు మోటెళ్లు నడిపే గుజరాతీలకి ఇన్సూరెన్స్ కంపెనీలు పాలసీలు, బ్యాంకులు అప్పులు ఇవ్వడానికి వెనకాడేవి. టెన్నెసీలో కొందరు 1985లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 1989లో అట్లాంటాలో ఆహోవా మొదలైంది. 1994లో రెండూ ఒకటయ్యాయి. ఇప్పుడు అందులో దాదాపు 20,000 మంది హోటల్ యజమానులు ఉన్నారు. వాషింగ్టన్‌లో వాళ్ల మాట వినకుండా తోసిపుచ్చడం కష్టం.

అన్ని రంగాలనూ ఒక గొడుగు కిందకి తెచ్చింది యూఎస్ ట్రావెల్ అసోసియేషన్. రెండు పెద్ద సంఘాలు కలిసి 2009లో ఈ పేరు పెట్టుకున్నాయి. మరుసటి ఏడాది మార్చిలో ఒబామా ట్రావెల్ ప్రమోషన్ చట్టంపై సంతకం చేశారు. అమెరికాను విదేశాల్లో ప్రచారం చేసే 'బ్రాండ్ యూఎస్ఏ' అలా పుట్టింది. వీసా లేకుండా వచ్చేవాళ్లు కట్టే ఫీజులోంచి ఏటా 100 మిలియన్ డాలర్ల దాకా దానికి ఇచ్చేలా, పరిశ్రమ కూడా తన వాటా కలిపేలా ఏర్పాటు చేశారు.

అయితే ఐక్యత ఉంటే చాలు, అన్నీ గెలుస్తాం అనుకోకూడదు. 2025 చట్టం ఆ 100 మిలియన్లను 20కి కోసేసింది. కొత్త వీసా ఫీజును కూడా యూఎస్ ట్రావెల్ గట్టిగా వ్యతిరేకించింది, అయినా అది చట్టంలో ఉండిపోయింది.

మనం చేయగలిగింది

ఈ విషయంలో హోటల్ యజమాని లాభమూ మన ఇంటి ఖర్చూ ఒకే వైపున ఉన్నాయి. మన పెద్దవాళ్లు రావడం తగ్గితే ఓక్ ట్రీ రోడ్డు ట్రావెల్ ఏజెంట్ మొదలు నయాగరా టూర్ బస్సు దాకా అందరికీ నష్టమే. తానా, ఆటా మహాసభలకి వేలమంది వస్తారు, హోటళ్లు నిండుతాయి. అంటే మన సంఘాలు పరిశ్రమకి పెద్ద కస్టమర్లు. గదుల రేటు బేరమాడేటప్పుడే వీసా మాట కూడా ఎత్తవచ్చు.

లాభాపేక్ష లేని సంఘాలు లాబీయింగ్ చేయకూడదన్న అపోహ ఒకటుంది. 501(సి)(3) సంఘాలు పరిమితికి లోబడి చట్టాల గురించి మాట్లాడవచ్చు. ఎన్నికల్లో అభ్యర్థిని బలపరచడం మాత్రం కుదరదు.

ఇక ఇంటినుంచి చేయగలిగేది ఉత్తరం. ఎడిసన్ కాంగ్రెస్ సభ్యుడు ఫ్రాంక్ పలోన్, 1993లో ఇండియా కాకస్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరు. ఆయన ఆఫీసుకి రాసేటప్పుడు మీ జిప్ కోడ్ తప్పక వేయండి, తమ నియోజకవర్గం వాళ్ల మాటకే విలువ ఎక్కువ. ఒకే విషయం అడగండి: గడువులోగా తిరిగి వెళ్లినవాళ్లకి 250 డాలర్లు వాపసు ఎలా, ఎప్పుడు ఇస్తారో స్పష్టమైన నియమం కావాలని. పౌరసత్వం లేకపోయినా రాయవచ్చు. మీ ఏజెంటు చేత, మీకు తెలిసిన హోటల్ యజమాని చేత కూడా అదే మాట రాయించగలిగితే, ఆ మూడు ఉత్తరాల బలమే వేరు.